ఉప్పుగాలికి వారంటీ లేదంటే విశాఖలో అమ్మడం దేనికి?

సంపాదకులకు నమస్కారం.

మా పెదవాల్తేరు వైపు ఏ ఏసీ మెకానిక్‌ని అడిగినా ఒకటే చెబుతాడు, బీచ్‌కి దగ్గరైన కొద్దీ బయట యూనిట్లు తొందరగా పోతాయని. మా ఇంట్లో ఏసీ బయట యూనిట్‌లోని ఎలక్ట్రానిక్ బోర్డు పోయింది. సర్వీసు కుర్రాడు మూత విప్పి, పచ్చగా చిలుము పట్టిన చోట ఫోటో తీసుకుని "కరోషన్ సార్, వారంటీలో రాదు" అనేశాడు. కార్డు చూస్తే నిజమే, కనీకనిపించని అక్షరాల్లో రాసి ఉంది. కొన్నప్పుడు షాపువాళ్లు స్టార్ల గురించి చెప్పారు, ఈఎంఐ గురించి చెప్పారు, ఈ సంగతి మాత్రం ఎత్తలేదు.

తుప్పు పట్టిందని కాదు నా బాధ. సముద్రం ఒడ్డున గాల్లో ఉప్పు ఉంటుంది, అది బోర్డు మీద పేరుకుంటుంది, తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పే నీరైపోతుంది, సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మలో కరెంటు పారుతుంటే బోర్డు మీద కరెంటు వెళ్లే ఒక లోహపు గీత దగ్గర కరిగిన రాగి, తగరం పక్క గీత దగ్గర పేరుకుని సన్నటి వేళ్లలా పెరిగి రెండింటినీ కలిపేస్తాయి, అంతే, షార్ట్. బయట యూనిట్‌లో రాగి గొట్టాలకు అల్యూమినియం రేకులుంటే ఉప్పుతడికి ముందు ఆ రేకులు పోతాయి. ఇదేమీ కంపెనీలకు కొత్త కాదు. బోర్డుకి పల్చటి పూత వేస్తే చాలావరకు ఆగుతుంది, ఉప్పుమంచులో, అంటే ఉప్పునీటి సన్నటి తుంపరలో పెట్టి పరీక్షించడానికి ఐఈసీ 60068-2-52 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, సోలార్ ప్యానెళ్లకైతే విడిగా ఐఈసీ 61701 కూడా ఉంది.

మరి భీమిలిలో, కాకినాడలో, మచిలీపట్నంలో షాపు పెట్టి అమ్ముతూ, ఆ ఊరి గాలి తగిలితే మాకు సంబంధం లేదనడం ఏం న్యాయం? 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఇలాంటి ఏకపక్ష షరతుల మీద ఫిర్యాదు చేయొచ్చు, కాకపోతే జిల్లా కమిషన్ చాలదు, రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. ఒక బోర్డు కోసం ఎవరు తిరుగుతారండీ!

ఏసీలతో పోయేదైతే ఇంత రాసేవాణ్ని కాదు. ఇళ్లమీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంటే తీరం వెంట జనం డాబాల మీద సోలార్ పెట్టించుకుంటున్నారు, ఇన్వర్టర్లు కూడా అదే గాలిలో ఉంటాయి. వీధి దీపాలు, కెమెరాలు, సిగ్నళ్లదీ అదే కథ, అవి ప్రజల డబ్బుతో కొన్నవి. తీరప్రాంత టెండర్లన్నిటిలో ఉప్పుమంచు పరీక్ష తప్పనిసరి చేయాలి. ఇళ్లకు అమ్మే సరుకు తీరానికి పనికొస్తుందో లేదో స్టార్ లేబుల్ పక్కనే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

అది జరిగేలోపు కొనేవాళ్లు కరోషన్‌కి వారంటీ ఉందా లేదా అని ముందే అడిగి, వాళ్లు చెప్పింది బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే పక్క షాపు చూసుకోండి.

- ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం