పెరట్లో బండల సంగతి

చిన్నోడా,

మేమంతా బాగానే ఉన్నాం. మూడు వారాలుగా నీ ఫోన్ లేదు, పనిలో ఉండి ఉంటావులే. పెరట్లో బండలు పరుస్తున్నావని మీ అత్తయ్య చెప్పింది. ఇంకో మాట కూడా అంది, అది తరువాత.

ఎంత లోతు తవ్వావు? 2 అంగుళాల బండకైతే 7 అంగుళాలు తవ్వాలి. అడుగున 4 అంగుళాల కంకర, మీద అంగుళం ఇసుక, ఆపైన బండ. కంకరంతా ఒక్కసారే పోసి దిమ్మిస కొడితే పైపైనే గట్టిపడుతుంది. 2 అంగుళాల చొప్పున పోసి, కాస్త తడిపి, కొట్టుకుంటూ రావాలి. బండ పరిచాక రబ్బరు సుత్తితో తట్టి చూడు. గుల్లగా మోగితే తీసి, కింద ఇసుక సర్ది మళ్ళీ వెయ్యి. బద్ధకించకు.

అన్నట్టు, 2 అడుగుల చదరం బండ, గ్రానైటుదైతే, 50 కిలోల దాకా తూగుతుంది. ఒక్కడివే ఎత్తావా? ఊరికే అడుగుతున్నాను.

పాత ఇంట్లో నేను పరిచిన బండలు నీకు గుర్తుండవు. రసమట్టం పెట్టి చూసుకుంటే బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. పొంగిపోయాను. అసలు తప్పే అది! గోడ దగ్గర్నుంచి బయటికి అడుగుకి పావంగుళం చొప్పున వాటం ఉండాలి, అంటే 12 అడుగులకి 3 అంగుళాలు. పైగా పునాది కోసం తవ్వి పూడ్చిన మట్టి గోడ పక్కన వదులుగానే ఉంటుంది. సరిగ్గా అక్కడే నేను దిమ్మిస తేలిగ్గా కానిచ్చాను. మొదటి వానకే బండలు ఇంటివైపు కుంగాయి. నీళ్ళు గుమ్మం దాటి మీ అక్క పుస్తకాల దాకా వచ్చాయి. అమ్మ పాత దుప్పట్లు అడ్డం వేసిందే గానీ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు పంతం కొద్దీ ఎవర్నీ పిలవకుండా బండలన్నీ నేనే లేపాను. ఆరో బండకి నడుం పట్టేసింది. పది రోజులు మంచం మీదే. అడిగినవాళ్ళకి జ్వరమని చెప్పాం. మీ తాతయ్యకైతే నెల రోజులు ఉత్తరమే రాయలేదు. రాస్తే ఆ సంగతి రాయాల్సి వస్తుందని.

బండ కోసేటప్పుడు నీళ్ళు పోస్తూ కొయ్యి. మాస్కు పెట్టుకో, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. కళ్ళద్దాలు కూడా. లెక్చరు ఇవ్వకూడదనే కూర్చున్నాను, ఏం చేయను.

వంగి చెప్పులు కూడా వేసుకోలేకపోతున్నావట కదా. అత్తయ్యని ఏమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. డాక్టరుకి చూపించావా? ఏమన్నాడు? అమ్మకి నేనింకా చెప్పలేదు. ఆమెకి తెలిసే ఉంటుందని నా అనుమానం, నిన్నట్నుంచి వేడినీళ్ళ సంచి కోసం బీరువాలన్నీ వెతుకుతోంది.

ఆ బండలు ఎక్కడివక్కడ ఉండనీ. పై వారం వస్తున్నాను. రెండో కొస నేను పట్టుకుంటాను.

నాన్న