సరిహద్దులో 'సరి' ఎక్కడుంది?

సంపాదకులు గారికి,

మొన్నటి ఆదివారం అనుబంధంలో 'సమానత్వం' మాట పుట్టుక మీద మీరు వేసిన వ్యాసం ఆలస్యంగా చేతికొచ్చింది. పర్లాకిమిడికి మీ పత్రిక ఏ వేళకు చేరుతుందో మీకు తెలియనిది కాదు.

సంస్కృత 'సమాన'కు 'త్వ' చేరి వచ్చిన మాట అన్నారు. ఒప్పుకున్నాం. ఋగ్వేదం చివరి సూక్తంలో 'సమానీ వ ఆకూతిః' అని ఉందన్నారు. అదీ నిజమే. కానీ అక్కడ సమానమంటే ఉమ్మడి అని. అందరి సంకల్పమూ ఒక్కటి కావాలన్న కోరిక. హక్కుల్లో హెచ్చుతగ్గులు ఉండకూడదన్న ఈనాటి అర్థాన్ని తీసుకెళ్ళి వేదంలో దూర్చడం దేనికి? ఆ అర్థం కోసం రాజ్యాంగం 14వ అధికరణం చూడండి. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే 1928లో అంబేడ్కర్ బృందం 'సమత' పేరుతో పెట్టిన పత్రిక చూడండి. వ్యాసంలో ఆ ఊసే లేదు.

అసలు ఒళ్ళు మండింది ఎక్కడంటే, ఈ భావానికి తెలుగులో సొంత మాట లేదట! సరి, సాటి, ఈడు, దీటు ఏ ఏట్లో కొట్టుకుపోయాయండీ? మా సంతలో కూరలమ్మే ముసలమ్మ తక్కెడ ముల్లు నిలబడగానే 'సరి' అంటుంది. ఆవిడకు త్వ ప్రత్యయం అక్కర్లేకపోయింది. పైగా 'సరిహద్దు'లోనూ ఈ సరే ఉందని రాశారు. అది పారసీ 'సర్‌హద్' అయ్యా. సర్ అంటే తల, హద్ అంటే ఎల్ల. సరిహద్దులో సరి లేదని మాకు నిఘంటువు తిప్పకుండానే తెలుసు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి మేం ఇటు, ఇప్పటి ఒడిశాలో పడ్డాం. సవర గిరిజన పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పాటుపడిన ఊరు ఇది. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజని, మీరంతా అటు ఆంధ్రలో దండలు వేసి ఉపన్యాసాలిస్తారు. ఇటు తెలుగు మాస్టారు రిటైరైతే ఆ కుర్చీ అలాగే ఉంటుంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు తల్లిభాషలో అందేలా చూడాలని 350-ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. వినేవాడేడీ? ఆమధ్య ఒక కార్యాలయంలో తెలుగు అర్జీ ఇస్తే, గుమాస్తా దాన్ని తలకిందులుగా పట్టుకుని కాసేపు చూసి, "ఒడియాలో రాయించుకు రండి మాస్టారూ" అని చేతిలో పెట్టాడు. కోపంగా కూడా కాదు, జాలిగా.

ఇటు అధికారులకు మేం అటువాళ్ళం, అటువాళ్ళకు ఇటువాళ్ళం. మీరేమైనా తక్కువ తిన్నారా? మా వార్త శ్రీకాకుళం పేజీలో, చావు ప్రకటనల కింద.

సవరణ వేయండి. మాకొచ్చే ఎడిషన్‌లో కూడా వేయండి. పోయినసారి తప్పు మా దాకా వచ్చింది గానీ, దిద్దుబాటు నగరం ఎడిషన్‌తోనే ఆగిపోయింది.

— ఒక విశ్రాంత తెలుగు పండితుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా