ఫుందుద్జి వద్ద వంగడం వింత కాదు

సంపాదకులకు నమస్కారం.

దక్షిణాఫ్రికాలోని ఫుందుద్జి సరస్సుపై గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం, అక్కడ వీపు తిప్పి వంగి కాళ్ల సందులోంచి నీటిని చూసే ఆచారాన్ని 'నవ్వు తెప్పించే వింత' అన్నది. కొన్నేళ్లుగా ప్రిటోరియాలో ఉంటూ, ఆ సరస్సును చూసి వచ్చినవాడిగా ఈ మాటకు అభ్యంతరం తెలుపుతున్నాను.

లింపోపో రాష్ట్రంలోని సౌత్‌పాన్స్‌బర్గ్ కొండల్లో, ఎప్పుడో కొండచరియ విరిగి ముతాలే నదికి అడ్డంగా పడడంతో ఏర్పడిన సరస్సు ఇది. అందులో కొండచిలువ రూపంలో దేవుడున్నాడని వెండా ప్రజల విశ్వాసం. యుక్తవయసుకు వచ్చిన ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు మోచేతులు పట్టుకొని, మద్దెల దరువుకు పాములా కదులుతూ చేసే దొంబ నృత్యాన్ని ఆ కొండచిలువతోనే ముడిపెడతారు. వంగి చూడడమన్నది ఆ దేవుడికీ, పూర్వీకులకూ పెట్టే నమస్కారం. దాన్ని 'ఉకొడోలా' అంటారు.

మాతో వచ్చిన స్థానిక పెద్దాయన, సరస్సు కనబడిన మొదటి మలుపులోనే బండి ఆపించి, మోకాళ్లు సహకరించకపోయినా ఎవరి సాయమూ అందుకోకుండా ముందు తానే వంగారు. తర్వాత నేను వంగినప్పుడు జేబులోని కళ్లద్దాలు ఎర్రమట్టిలో పడ్డాయి. కొండలు తలకిందులై, వాటిపైన నీరు సన్నని గీతలా కనబడింది. ఆయన నవ్వలేదు, నాకూ నవ్వు రాలేదు. నాగులచవితికి చెప్పులు విడిచి పుట్టలో పాలు పోసే మనకు ఇందులో నవ్వుకోవడానికి ఏముందో వ్యాసకర్తే చెప్పాలి.

ఇంతకంటే ఇబ్బందికరమైనది, ఎవరైనా నేరుగా వెళ్లి ఈత కొట్టవచ్చన్న సలహా. ఆ సరస్సుకు సంరక్షకులు వతవత్సిందీ వంశీయులు. వారి అనుమతి లేకుండా ఒడ్డుకు వెళ్లడం మర్యాద కాదు, నీటిలో దిగడం నిషిద్ధం. పైగా అక్కడ మొసళ్లున్నాయి! చుట్టూ వాలుల్లో సాగుచేసిన పొలాల నుంచి మట్టి కొట్టుకొచ్చి సరస్సులో మేట వేస్తోందన్న అసలు ఆందోళనకు మాత్రం వ్యాసంలో ఒక్క వాక్యమైనా దక్కలేదు.

సెలవులకు ఇక్కడికి వచ్చే తెలుగు కుటుంబాలు మీ అనుబంధం చదివే బయలుదేరుతాయి కనుక, కనీసం ఈత విషయంలోనైనా సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ప్రిటోరియా