ఆటోనగర్‌లో కలిసిన పెద్దాయనకు

విజయవాడ ఆటోనగర్‌లో మొన్న శనివారం నా 1986 అంబాసిడర్‌కి వెనక యాక్సిల్ వెతికిపెట్టిన పెద్దాయనకి ఈ నాలుగు ముక్కలు. పేరు అడగడం మర్చిపోయాను, నాదే బుద్ధి తక్కువ.

అంతకుముందు ఒకచోట "అంబాసిడర్‌దేగా, ఏదైనా పడుతుందండీ" అని ఒకటి అంటగట్టారు. బిగించబోతే షాఫ్ట్ స్ప్లైన్లే, అంటే దాని చివర ఉండే గాడులే, కలవలేదు.

మీరు మాత్రం నా పాత యాక్సిల్ హౌసింగ్ (పైన ఉండే తొడుగు) విప్పించి, లోపలి పెద్ద పళ్ళ చక్రం, అదే క్రౌన్ చక్రంలో ఒక పంటికి సుద్దముక్కతో గీత పెట్టి, వేలితో ఒక్కో పన్నూ లెక్కపెట్టారు. మధ్యలో టీ కుర్రాడు పలకరిస్తే లెక్క తప్పి మళ్ళీ మొదటికి! ఆ తర్వాత దాన్ని తిప్పే చిన్న పళ్ళ చక్రం, పినియన్ పళ్ళు. "ఈ రెండిటి నిష్పత్తి మారితే స్పీడోమీటర్ అబద్ధం చెబుతుంది బాబూ. క్రౌనూ పినియనూ జోడీ, విడదీయకు" అన్నారు. 2014లో తయారీయే ఆగిపోయిన బండికి నాలుగు పాత సామాన్ల కొట్లు తిరిగి జోడీ పట్టుకొచ్చారు.

డబ్బులిస్తే తీసుకోలేదు, టీ మాత్రం తాగారు. బండి ఇప్పుడు చప్పుడు లేకుండా నడుస్తోంది. చాలా థాంక్సండీ. ఈసారి వచ్చినప్పుడు పేరు చెప్పాలి మరి.