విస్త్రెయామ్ రేవులో కలిసిన ఆవిడకి, ఇంకా కొందరికి

నిన్న సాయంత్రం ఇల్లు చేరాం. మోటార్‌హోంలో, అంటే మా ఇల్లులాంటి బండిలో, సామాను ఇంకా దించలేదు. మా కుక్కలు కాటుక, జున్ను ఇద్దరూ హాల్లో నా కాళ్ళ దగ్గరే పడి నిద్రపోతున్నారు. నాకు మాత్రం నిద్ర రావట్లేదు. ఇది రాసేస్తే వస్తుందేమో అని మొదలుపెట్టాను. ఎక్కడైనా తికమకగా ఉంటే సర్దుకోండి.

ఆదివారం రాత్రి ఫ్రాన్స్‌లో విస్త్రెయామ్ రేవు నుంచి పోర్ట్స్‌మత్‌కి పదకొండు గంటల ఫెర్రీ. రాత్రంతా ప్రయాణం, పొద్దున్నే దిగడం. రెండు వారాల సెలవులో చివరి అంకం. ఎనిమిదింటికల్లా లైన్లో ఉన్నాం. మా వంతు వచ్చాక కౌంటర్‌లో అమ్మాయి కిటికీలోంచి, కుక్క చర్మం కింద ఉండే చిప్‌ని చదివే మిషన్ అందించింది. కుక్క మెడ మీద మనమే తిప్పాలి. పదిహేను అంకెల నంబరు వస్తుంది, అది కుక్కల సర్టిఫికెట్ కాగితంలో ఉన్నదానితో సరిపోవాలి. జున్నుది సరిపోయింది, కాటుకదీ సరిపోయింది. "హమ్మయ్య" అని మా ఆయన ఇంజిన్ స్టార్ట్ చేయబోయాడు. ఆ అమ్మాయి పేజీ తిప్పి ఒక గడి మీద వేలు పెట్టింది.

బద్దెపురుగు మందు గడి అది. కుక్కతో బ్రిటన్‌లోకి రావాలంటే, దిగే సమయానికి కనీసం 24 గంటల ముందు, 120 గంటలకి మించకుండా వెట్, అంటే పశువుల డాక్టర్, ఆ మాత్ర వేసి, తేదీ, టైం రాసి, స్టాంపు కొట్టి సంతకం పెట్టాలి. నక్కల్లో ఉండే ఒక రకం బద్దెపురుగు యూరప్‌లో చాలాచోట్ల ఉంది, బ్రిటన్‌లో లేదు. అది రాకుండా ఈ జాగ్రత్త. నియమం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. శుక్రవారం మధ్యాహ్నం బాయూ దగ్గర ఒక ఊళ్ళో ఇద్దరికీ వేయించాం కూడా. నా కళ్ళ ముందే మింగారు. కాటుక అయితే ఒకసారి ఉమ్మేసి మళ్ళీ మింగింది. కానీ రెండు కుక్కలకీ కలిపి ఒకటే సర్టిఫికెట్. జున్ను వరసలో అన్నీ ఉన్నాయి. కాటుక వరసలో తేదీ ఉంది, సంతకం ఉంది, టైం లేదు.

టైం లేకపోతే గంటలు ఎలా లెక్కపెడతాం అంది ఆ అమ్మాయి. శుక్రవారం పొద్దున వేసినా రాత్రి వేసినా సోమవారం పొద్దుటికి 24 దాటుతుంది, 120 దాటదు, ఎలా చూసినా లెక్క సరిపోతుంది కదా అన్నాను. "గడి ఖాళీగా ఉంది మేడమ్" అంది. ఆ మాట నాలుగుసార్లు అంది. జున్ను రావచ్చట, మేం రావచ్చట, కాటుక రాకూడదట. పన్నెండేళ్ళ నల్ల లాబ్రడార్ అది. గుండెకి రోజూ రెండు పూటలా మాత్రలు. దాన్ని ఎవరి దగ్గర వదిలి రావాలి?

తప్పులో నా వాటా కూడా ఉంది. వెట్ దగ్గరే నిలబడి రెండు వరసలూ చదువుకోవాల్సింది. బిల్లు కట్టి, థాంక్స్ చెప్పి, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టేశాను. మీలో ఎవరైనా వెళ్తుంటే ఆ పని మాత్రం చేయకండి.

మమ్మల్ని లైన్లోంచి పక్కకి తీయించి ఒక మూల ఆపుకోమన్నారు. ఏడున్నర మీటర్ల బండి, వెనక నలభై బళ్ళు, దాన్ని వెనక్కి తిప్పడం ఎలాగో మా ఆయనకే తెలియాలి. ఆయన వెంటనే ఫోన్ తీసి కంపెనీ హెల్ప్‌లైన్‌కి చేశాడు. సంగీతం వినిపించింది. మా అబ్బాయి ఇంటర్నెట్‌లో చుట్టుపక్కల వెట్‌ల కోసం వెతికాడు. ఆదివారం రాత్రి అన్నీ మూతే. నేను కాటుకని తీసుకుని టెర్మినల్ బయట కాలువ గట్టు వైపు నడిచాను. నడిచాను అంటున్నాగానీ, నిజానికి వాళ్ళ ముందు ఏడవడం ఇష్టం లేక వెళ్ళాను.

అక్కడ కలిసింది ఆవిడ.

పేరు రాయను. రాస్తే తనకి నచ్చదనిపిస్తోంది. అరవై పైనే ఉంటాయి. పొట్టి జుట్టు, రబ్బరు బూట్లు, చేతిలో సంచీ. సాయంత్రం వాహ్యాళికి వచ్చి ఇంటికి తిరిగి వెళ్తోంది. ఆగింది నన్ను చూసి కాదు. కాటుక నాలుక బయటపెట్టి గసపెడుతుంటే దాని కోసం ఆగింది. కింద కూర్చుని దాని చెవి వెనక గోకుతూ నన్ను ఏదో అడిగింది. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు ఫ్రెంచి నమస్కారం దగ్గరే ఆగిపోతుంది. కవర్లోంచి కాగితం తీసి ఖాళీ గడి చూపించాను. గడియారం చూపించాను. ఓడ చూపించాను. అంతకంటే చెప్పలేకపోయాను, గొంతు పూడుకుపోయింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ఆ సర్టిఫికెట్ ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ ఉంటుంది కాబట్టి సరిపోయింది. స్టాంపులో ఉన్న నంబరుకి తన ఫోన్‌లోంచి చేసింది. రికార్డు చేసిన గొంతు మాట్లాడింది. అది చెప్పిన అత్యవసర నంబరుకి చేసింది. అక్కడ ఎవరో ఇంకో నంబరు ఇచ్చారు. అలా నాలుగో ఫోన్‌కి ఆ వెట్ దొరికాడు, ఎవరింట్లోనో భోజనానికి వెళ్ళి ఉన్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. "షియెఁ" అంటే కుక్క అని మాత్రం తెలుసు, అది ఒక ఇరవైసార్లు వినపడింది. చివర్లో ఆవిడ గొంతు కాస్త పెంచింది. ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి, ఇంగ్లీషులో "కమ్, మై కార్" అంది.

మా బండిలో వెళ్దామంటే కుదరదు, ఆ దారులు ఇరుకు, పైగా నెమ్మది. చిప్ సరిచూడకుండా వెట్ రాయడు కాబట్టి కాటుక రావాల్సిందే. చిన్న కారు, వెనక సీటు మీద తన కోటు తీసి పరిచింది. వద్దండీ, తడి కుక్క, బొచ్చంతా అంటుకుంటుంది అని తెలుగులోనే అన్నాను. ఆ కంగారులో ఏ భాషలో మాట్లాడుతున్నానో తెలియలేదు. ఆవిడకి అర్థమైంది, చెయ్యి విదిల్చింది. కారు ఎక్కాక వాళ్ళింటికి ఫోన్ చేసి ఏదో చెప్పింది. వంట స్టవ్ మీంచి దించేయమని చెప్పినట్టుంది, నాకలా అనిపించింది.

పోనూ రానూ 80 కిలోమీటర్లు దాటింది. వాన. కాటుకకి గాలి ఆడాలని దాని వైపు అద్దం దించి ఉంచింది, ఆ వాన జల్లు సగం ఆవిడ భుజం మీదే పడింది. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. రేడియో పెట్టబోయి, అద్దంలో కుక్కని చూసి మానేసింది.

వెట్ మాకంటే ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. తలుపు తీసి, చిప్ చూసి, తన కంప్యూటర్‌లో శుక్రవారం ఎంట్రీ వెతికి, టైం రాసి, పక్కన మళ్ళీ స్టాంపు కొట్టాడు. మొత్తం మూడు నిమిషాల పని. డబ్బు తీసుకోలేదు. సారీ కూడా చెప్పాడు, అది తీసుకున్నాను.

మేం వెనక్కి వచ్చేసరికి పదకొండుకి అయిదు తక్కువ. కౌంటర్ ఎప్పుడో మూసేశారు. ఓడ దీపాలన్నీ వెలుగుతూ, తలుపు పైకి లేస్తూ ఉంది. మా వాడు మోటార్‌హోం మెట్టు మీద జున్నుని పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

ఇక్కడ కాస్త కోపం వెళ్ళగక్కుతాను, క్షమించండి. టికెట్ మార్చడానికి 60 పౌండ్లు కట్టించుకున్నారు. మీ కాగితం తప్పు కాబట్టి మీ ఖర్చే అన్నారు. సరే. కానీ అంతకు ముందు కథ వినండి. 2021 జనవరికి ముందు మా కాటుకకి నీలిరంగు పాస్‌పోర్టు ఉండేది. చిన్న పుస్తకం, ఏళ్ళ తరబడి పనికొచ్చేది. ఇప్పుడు బ్రిటన్‌లో ఇచ్చిన ఆ పుస్తకం యూరప్‌లో చెల్లదు. వెళ్ళిన ప్రతిసారీ కొత్త సర్టిఫికెట్, బయల్దేరే ముందు పది రోజుల లోపే తీసుకోవాలి, తిరిగి రావడంతో దాని ఆయుష్షు తీరిపోతుంది. మాకు ఈసారి 180 పౌండ్లయింది. పేజీలకి పేజీలు, సంబంధం లేని వాక్యాలు కొట్టేసి ఒక్కోదాని దగ్గరా సంతకం. అన్ని పేజీలుంటే ఎవరో ఒకరు ఏదో ఒక గడి వదిలేస్తారు, వదలరా? మళ్ళీ పాస్‌పోర్టులు తెస్తామని 2025 మేలో రెండు పక్కలా పెద్దలు ఒప్పుకున్నారు. ఆ వార్త చదివి ఆరోజు స్వీటు కూడా చేశాను. తొందరపడ్డాను.

కోపం అసలు డబ్బు గురించి కాదు. ఆ సాయంత్రం కౌంటర్ దగ్గర ముగ్గురు మాతో మాట్లాడారు. ముగ్గురూ చిప్ నంబరు చూశారు, గడి చూశారు, స్క్రీన్ చూశారు. కాటుక గసపెడుతోందని ఒక్కరూ అనలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, ఆ అమ్మాయికి మా వాడికంటే రెండేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. స్క్రీన్ ఏం అడిగితే అదే అడిగింది.

అర్ధరాత్రి అవుతోంది, ఆవిడ ఇంకా వెళ్ళలేదు. మా ఆయనకి సైగ చేసి, తన కారు వెనకే రమ్మంది. రేవుకి పది నిమిషాల దూరంలో వాళ్ళిల్లు. గేటు పక్కన గోడ వారగా బండి పెట్టించింది. వాళ్ళాయన పైజామాలో బయటికొచ్చి కరెంటు వైరు లాగి ఇచ్చాడు. పెట్రోలుకి యాభై యూరోలు ఇవ్వబోతే ఆవిడ ముఖం ఎర్రబడింది. ఇంక ఎత్తలేదు.

ఆరింటికి కుక్కల్ని బయటికి తీద్దామని తలుపు తెరిచాను. మెట్టు పక్కన నీళ్ళ బకెట్ ఉంది. నీలం ప్లాస్టిక్ బకెట్, అంచు కాస్త విరిగింది, నీళ్ళ మీద ఒక ఎండుటాకు తేలుతోంది. దాని పక్కన పాత చాప ముక్క, కాటుక కాళ్ళు జారకుండా.

అక్కడ కూలబడి ఏడ్చాను. కౌంటర్ దగ్గర ఆపుకున్నదీ, కారులో ఆపుకున్నదీ అంతా. ముందు రోజు సాయంత్రం నుంచి నేను కూడా వాటికి నీళ్ళు పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. నా కుక్కలకి. గిన్నె నా కాలి పక్కనే ఉంది.

ఆవిడకి కుక్క ఉందేమో అనుకున్నాను. లేదు. ఎప్పుడూ లేదట. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఇసుకలో ఆల్చిప్పలు ఏరుకోవడానికి ఆ బకెట్ వాడతారట, వాళ్ళాయన చేతులతో తవ్వినట్టు చేసి చూపించాడు. అందుకే కాబోలు జున్ను దాన్ని వదల్లేదు, తాగడం అయిపోయాక కూడా మూతి అందులోనే.

సోమవారం ఎనిమిదిన్నర ఓడకి ఎక్కేశాం. అదే కాగితం, అదే మిషన్, వేరే అమ్మాయి. ఒక్క నిమిషంలో పంపించింది. కుక్కల్ని ఉంచుకునే క్యాబిన్లు ఎప్పుడో అయిపోయాయి, కాబట్టి ఇద్దరూ కింద బళ్ళ డెక్కులో మోటార్‌హోంలోనే. గ్యాస్ కట్టేయాలి. అలారం కూడా తీసేయాలి, లేకపోతే కుక్క కదిలినప్పుడల్లా మోగుతుంది. ఆరు గంటలు పైన కూర్చుని కింద దాని గుండె గురించే ఆలోచించాను.

ఇంక మా వాళ్ళ సంగతి. మా ఆయన రెండు వారాలు ఒక్కడే డ్రైవ్ చేశాడు, అబ్బాయి తిండి చూసుకున్నాడు. వాళ్ళకి థాంక్స్ చెప్తే నవ్వుతారు, వదిలేయండి. మా చెల్లి ఆఫీసులో ఫోన్ చేసి నా సోమవారం మీటింగులు ఆపించింది. అది చెయ్యకపోతే ఆశ్చర్యం గానీ చేస్తే ఏముంది.

పోస్ట్ చేయబోతుంటే గుర్తొచ్చింది, ఓడ మీద నారింజ రంగు జాకెట్ వేసుకున్న కుర్రాడు, దారిలో రెండుసార్లు నన్ను వెంటబెట్టుకుని కింద డెక్కుకి తీసుకెళ్ళాడు. రెండోసారి నిజానికి టైం కాదు. అతనికి చాలా చాలా థాంక్స్.

అయ్యో, పక్క లైన్లో కారవాన్ వాళ్ళు! నేను వెళ్ళాక మా వాడికి చిప్స్ పొట్లం ఇచ్చి, జున్నుని కాసేపు ఆడించారు. వాళ్ళు ఆ రాత్రి ఓడ ఎక్కి వెళ్ళిపోయారు, పేర్లు కూడా అడగలేదు. చిక్కం కూడా వాళ్ళదే. దూడల మూతికి కట్టేలాంటిదే, కుక్కలకి. మాది ఎక్కడో పోయింది, తమ దగ్గర ఇంకోటి ఉందని ఇచ్చేశారు.

ఇక్కడి మా వెట్ దగ్గర రిసెప్షన్‌లో ఉండే ఆమె, కాటుక గుండె మాత్రలు రెండు రోజులకి ఎక్కువగా కట్టి ఇచ్చింది, "ఏమో, ఎందుకైనా మంచిది" అని. సోమవారం రాత్రి మాత్ర అందులోంచే.

ఇప్పుడే మా ఆయన బయటి నుంచి కేకేశాడు. సామాను దించుతుంటే వెనక అరలో బకెట్ కనిపించిందట. నీలంది, అంచు విరిగింది. జున్ను వదలట్లేదని మా వాడు లోపలికి తెచ్చి, దించడం మర్చిపోయాడు. తిరిగి ఇవ్వాలంటే మళ్ళీ సర్టిఫికెట్ చేయించాలి. కుక్కల్ని వదిలి మేమే వెళ్తే ఆ బాధ లేదు గానీ, తలుపు తీయగానే ఆవిడ అడిగేది మమ్మల్ని కాదుగా.