శింషా వంతెన మీద నన్ను వెనక్కి నడిపించిన పెద్దాయనకి

రాత్రి ఒంటిగంట దాటాక బెంగళూరులో మా రామమూర్తి నగర్ చేరాం. స్నానం చేసి పడుకున్నా కంటి మీద కునుకు లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. భుజాలు పట్టేశాయి, మెడ తిరగడం లేదు. ఎక్కడైనా అతుకుల బొంతలా ఉంటే సర్దుకోండి.

ఫోన్లు చేస్తున్నవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, అందరం క్షేమం. అత్తయ్య, పిల్లలు, నేను. కారుకి వెనక బంపర్ చీలింది, ఒక టైరు పోయింది. అంతే.

కర్ణాటకలో కావేరి జలపాతాలుండే శివనసముద్రం చూసి వస్తున్నాం. కావేరి నిండుగా ఉంది, భరచుక్కి జలపాతం దగ్గర తుంపర మెట్ల దాకా కొడుతోంది. అక్కడి పాత రాతి వంతెన కూడా పిల్లలకి చూపించాను. 1830ల నాటిది, 2018 వరదల్లో కొంత భాగం కొట్టుకుపోయింది. నీళ్ళలో వరసగా నిలబడ్డ రాతి స్తంభాలు చూసి అత్తయ్య గుడి అనుకుని దణ్ణం పెట్టేసింది. అంతవరకూ రోజు బాగానే గడిచింది.

తిరుగు ప్రయాణంలో మళవళ్ళి దాటాక హలగూరు వైపు మెయిన్ రోడ్డు ఆగిపోయింది. ముందెక్కడో లారీ బోల్తా పడిందన్నారు. అక్కడున్న ఊరివాళ్ళే బళ్ళన్నిటినీ పక్క దారిలోకి మళ్ళించారు. రెండు వైపులా చెరుకు తోటలు, మధ్యలో సన్నటి తారు రోడ్డు. అది పోయి పోయి శింషా నది మీద ఒక పాత వంతెన ఎక్కుతుంది. కింద రాతి కట్టడం, పైన ఎప్పుడో పోసిన కాంక్రీటు. పిట్టగోడ చాలాచోట్ల లేదు. ఉన్నచోట కూడా తుప్పు పట్టిన పైపులే.

సగం దాటానో లేదో, అవతల మలుపులోంచి చెరుకు ట్రాక్టరు దిగి వంతెన ఎక్కేసింది. వెనకాల ఒకటి కాదు, రెండు ట్రెయిలర్లు. మలుపు వల్ల ట్రాక్టరు డ్రైవరుకి నేను కనపడలేదు, నాకు ఆయన కనపడలేదు. నేను డ్రాయింగులు వేసే ఆఫీసులో పనిచేస్తాను, కొలతలు నా నోట్లోనే ఉంటాయి. మన దగ్గర ఒక్క వరస రోడ్డుకి ప్రమాణం 3.75 మీటర్లు. ట్రెయిలర్ లాంటి బండి 2.6 మీటర్ల దాకా ఉండొచ్చు. చెరుకు లోడైతే రెండు పక్కలా ఇంకాస్త పొడుచుకొస్తుంది. పైగా ఆ వంతెనకి 3.75 కూడా ఉండదు. రెండు ట్రెయిలర్లున్న ట్రాక్టరుని రివర్స్ చేయడం అయ్యే పని కాదు, మధ్యలో మడత పడి అడ్డం తిరుగుతుంది. అంటే నేనే వెనక్కి వెళ్ళాలి. నా వెనకున్న టెంపో, ఇంకో రెండు కార్లు మెల్లగా వెనక్కి దిగిపోయి ఒడ్డు మీద నిలబడి హారన్ మొదలెట్టాయి.

నేను ఏళ్ళుగా కారు నడుపుతున్నాను. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో సాయంత్రం ఆరింటికి నడిపిన దాన్ని. కానీ ఎడమ అద్దంలో రోడ్డు కనపడాల్సిన చోట నీళ్ళు కనపడితే కాలు క్లచ్ మీంచి కదల్లేదు. వెనక సీట్లో చిన్నది ఏడుపు అందుకుంది. అత్తయ్య విష్ణు సహస్రనామం మొదలెట్టింది, అది విని నాకు ఇంకా టెన్షన్.

అప్పుడు వచ్చాడాయన. అరవై దాటి ఉంటాయి. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, భుజాన తువ్వాలు. సైకిలు వెనక పచ్చి గడ్డిమోపు కట్టుకుని ఇంటికి పోతున్నట్టున్నాడు. సైకిలు వంతెన మొదట్లో ఆనించి, హారన్లు కొడుతున్నవాళ్ళ వైపు తిరిగి ఒక్క అరుపు అరిచాడు. హారన్లు ఆగాయి. నా కిటికీ దగ్గరికి వచ్చి వంగి, "హెదరబేడ తాయి" అన్నాడు. భయపడకు తల్లీ అని. "నీరు నోడబేడ, నన్న కై నోడు." నీళ్ళ వైపు చూడకు, నా చెయ్యి చూడు.

తర్వాత ఆయన వెళ్ళి ఎక్కడ నిలబడ్డాడో చూసి నాకు నోట మాట రాలేదు. కారు వెనక, ఎడమ మూల, పిట్టగోడ లేని వైపు. నా టైరుకీ అంచుకీ మధ్య ఉన్న జానెడు జాగాలో. భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు, సందె వెలుతురులో చెయ్యి బాగా కనపడాలని. ఇప్పుడు నా అద్దంలో నీళ్ళు లేవు, ఆయనే ఉన్నాడు. "బర్లి, బర్లి" అంటూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. నేను ఆ తువ్వాలు చుట్టిన చేతిని చూస్తూ వస్తున్నాను. ఆయన కుడికి ఊపితే కుడికి, అరచెయ్యి చూపిస్తే బ్రేకు. ముక్కూ మొహం తెలియని మనిషి నాకు అడ్డం నిలబడి తను ఆ అంచు మీద వెనక్కి నడుస్తున్నాడు. ఒక్కసారైనా తల తిప్పి తన వెనకేముందో చూసుకోలేదు.

ఇంకో నాలుగు బారలైతే ఒడ్డు. అక్కడ కాంక్రీటు అంచు విరిగింది. ఎడమ వెనక చక్రం దబ్బున కిందికి దిగి కారు పక్కకి ఒరిగింది. ఆయన పక్కకి దూకాడు, కాలి చెప్పొకటి నదిలో పడింది. నేను పిల్లల్ని కుడి తలుపులోంచి దింపాను. అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయి ఎక్కువ కాలం కాలేదు, ఆవిణ్ణి దించడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

ట్రాక్టరు డ్రైవరు, ఆయన క్లీనర్ కుర్రాడు, టెంపోలో వాళ్ళు కలిసి వెనక భాగం ఎత్తారు. ట్రాక్టరు చక్రానికి అడ్డం పెట్టే కట్టె తెచ్చి టైరు కిందకి తోశారు. సందులో రాళ్ళు కూరారు. అయినా టైరు గిర్రున తిరుగుతోంది, పట్టు దొరకడం లేదు. పెద్దాయన ఎవరితోనూ ఏమీ అనకుండా ఒంటి చెప్పుతో సైకిలు దగ్గరికి నడిచి, గడ్డిమోపు తాడు విప్పి, మొత్తం తెచ్చి రాళ్ళ మీద పరిచేశాడు. పాదంతో తొక్కి అణిచాడు. రెండో ప్రయత్నానికి కారు ఎక్కేసింది.

గడ్డి నుజ్జు నుజ్జయి, బురదా రబ్బరు మసీ పట్టి అంటుకుపోయింది. పనికొచ్చే నాలుగు పోచలు ఏరుకుంటున్నాడు. క్లీనర్ కుర్రాడు చెబితే గానీ నాకు తెలియలేదు, ఇంట్లో ఈనిన ఆవు ఉందట, ఆ గడ్డి దానికేనట. చీకటి పడ్డాక మళ్ళీ కోసుకొచ్చేది లేదు. నేను డబ్బులు తీశాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఎంత బతిమాలినా తీసుకోలేదు. నేను రోడ్డు మీదే నిలబడి ఏడ్చేశాను. కారు ఒరిగినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

చివరికి అత్తయ్య సంచిలోంచి జంతికలు తీసి ఇస్తే రెండు తీసుకున్నాడు. ఒకటి కొరికి, నమిలి, "ఉప్పు జాస్తి" అన్నాడు. అత్తయ్య ఇంటికొచ్చేదాకా ఆ మాటే తలుచుకుంటోంది.

పేరు అడిగాను, నవ్వి ఊరుకున్నాడు. ఫోటో తీస్తానంటే వద్దన్నాడు. కాబట్టి ఇక్కడ పేరు లేదు, ఫోటో లేదు. ఆయన ఇది చదవడు. చదివినా తెలుగు రాదు. అయినా రాయకుండా ఉండలేను. మీ ఆవుకి రాత్రి ఏం పెట్టారో గానీ, మీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియడం లేదు.

మా ఆయన హైదరాబాదు పని మానుకుని సాయంత్రం ఫ్లైటుకే తిరిగొచ్చి, కనకపురలో మాకు ఎదురొచ్చి స్టీరింగ్ అందుకున్నారు. మా తమ్ముడు తోడొచ్చాడు. సరే, వాళ్ళు రాక ఎవరొస్తారు.

ఇక ఒక మాట అనకపోతే నాకు అరగదు. కారు ఒరిగినప్పుడు ఒక హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఇది హైవేనా, పంచాయతీ రోడ్డా అని అడిగారు. కిలోమీటరు రాయి మీద నంబరు చెప్పమన్నారు. ఒరిగిన కారులో కూర్చుని రాయి వెతకాలా? లొకేషన్ పంపమన్నారు, పంపాను, ఇంకా అక్కడినుంచి కబురు లేదు. ముందు ఇరుకు వంతెన ఉందని చెప్పే ఎర్ర త్రికోణం బోర్డు ఒకటి ఉంటుంది కదా, అది కూడా ఉంది. చెరుకు తోటలో వెల్లకిలా పడి ఉంది. బోర్డు పెట్టించినట్టు ఎక్కడో కాగితం మీద ఉండే ఉంటుంది. 2024 ఆగస్టులో కార్వార్ దగ్గర కాళీ నది పాత వంతెన అర్ధరాత్రి కూలి లారీ నీళ్ళలో పడింది, అదృష్టం కొద్దీ డ్రైవరు బతికాడు. అప్పుడు పాత వంతెనలన్నీ తనిఖీ చేయాలని అందరూ అన్నారు. ఈ వంతెనని ఎవరు తనిఖీ చేశారు? 1902లోనే శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనుల దాకా కరెంటు తీసుకెళ్ళారు. ఆ చుట్టుపక్కలే ఉన్న ఈ వంతెనకి మాత్రం ఒక్క లైటు లేదు. రెండు చివర్లా ఒక్కొక్క బల్బు, అవతలి బండి కనపడేలా ఒక కుంభాకార అద్దం, నాలుగు పైపులు. ఇంతకంటే మేం అడుగుతున్నదేమీ లేదు.

అయ్యో, అసలు వాళ్ళని మర్చిపోయాను. హలగూరులో టీ కొట్టు అమ్మ, అత్తయ్యకి తన ఇంట్లో బాత్రూం తెరిచి, పిల్లలకి పాలు కాచి ఇచ్చింది, పాలకి డబ్బులు తీసుకోలేదు. పంక్చర్ షాపు అబ్బాయి షట్టర్ దించేసినవాడు మళ్ళీ ఎత్తి స్టెప్నీ బిగించాడు. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు మేడమ్ ఫోన్ స్పీకర్‌లో నా తరఫున కన్నడ మాట్లాడారు, లేకపోతే నా వచ్చీ రాని కన్నడతో సగం విషయాలు అర్థమయ్యేవి కావు. కిందింటి వాళ్ళు మా కుక్కకి అన్నం పెట్టారు. టెంపోలోంచి దిగి కారు ఎత్తిన అన్నలు, మీరు మాత్రం హారన్ కూడా కొట్టారు, అయినా థాంక్స్.

ఇంకొకటి. ట్రాక్టరు డ్రైవరుగారి కట్టె మా డిక్కీలో ఉండిపోయింది. హలగూరు, మళవళ్ళి వైపు చెరుకు తోలేవాళ్ళు తెలిసినవారెవరైనా ఉంటే చెప్పండి. వచ్చే ఆదివారం తెచ్చి ఇచ్చేస్తాం. ఈసారి మెయిన్ రోడ్డు మీదే వస్తాం, ఒక గడ్డిమోపు కూడా తెస్తాం.