క్రాకోవ్‌లో తరవాణి

ఒరేయ్ బుల్లోడా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలయింది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో, నీకా హక్కుంది. పరీక్షలు, ఇల్లు మారడం, ఆ పైన పార్ట్‌టైం పని... సరే, అన్నీ పాసయ్యాను. ఒంట్లో బాగానే ఉంది. అమ్మకి నువ్విచ్చొచ్చిన మందులు అందాయట. మిగతా కబుర్లు తర్వాత. ఇవాళ్టి సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

బెర్లిన్‌లో రాత్రి బస్సెక్కి పోలండు వచ్చాను రా, క్రాకోవ్‌కి. మూడు రోజులు. కోట చూశాను. చర్చి గోపురం మీద గంటగంటకీ బూర ఊదుతూ మధ్యలో ఠక్కున ఆపేస్తారు, అదీ విన్నాను. తిండికి రోజుకి 40 జ్లోతీలు పెట్టుకున్నా. పెద్ద చౌకులో హోటళ్ళ ముందు మెనూలు చూస్తే ఒక్క సూపుకే అందులో ముప్పావు వంతు పోయేలా ఉంది. మొదటి రెండు రోజులూ బళ్ళ మీద అమ్మే ఒబ్వజానెక్‌లతోనే నెట్టుకొచ్చా. తాడులా మెలిపెట్టి గుండ్రంగా చుట్టిన రొట్టె, పైన గసగసాలు. బాగుంటుంది గానీ, ఎన్నని తింటాం?

ఇవాళ పొద్దున హాస్టల్ కుర్రాడు చెప్పాడు, బార్ మ్లేచ్నీకి వెళ్ళు అని. పేరులో బార్ ఉంది గానీ మందు షాపు కాదు, పాల బార్. 1896లో వార్సాలో స్తానిస్లావ్ ద్వుజెవ్‌స్కీ అనే పాడి ఆసామి మొదటిది పెట్టాడట. పాలు, గుడ్లు, పిండి, వాటితో చేసిన వంటలే. కమ్యూనిస్టుల కాలంలో పనివాళ్ళకి చవగ్గా వేడి తిండి పెట్టాలని ఊరూరా తెరిచారు. 1989 తర్వాత చాలావరకు మూతపడ్డాయి. మిగిలినవాటికి ప్రభుత్వం ఇప్పటికీ మాంసం లేని వంటల మీద సబ్సిడీ ఇస్తోంది. మన అన్న క్యాంటీన్ గుర్తొచ్చింది. కడుపు నిండా తినడం డబ్బున్నవాడికే కాదని ఒక దేశం ఇన్నేళ్ళుగా పట్టుకుని కూర్చుందంటే నాకు ఎంత ముచ్చటేసిందో!

గ్రోద్స్కా వీధిలో ఒకటి దొరికింది. గోడ మీద బోర్డు నిండా పోలిష్ అక్షరాలు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ముందు డబ్బు కట్టి, ఆ చీటీ వంటింటి కిటికీలో ఇవ్వాలి. వెనక మనుషులు పెరిగిపోతున్నారు. పక్కనున్న ముసలావిడ, మీ నాయనమ్మంత ఉంటుంది, బోర్డులో ఒక వరస మీద వేలు పెట్టి "జురెక్" అంది. సరేనన్నా. పియెరోగీ రుస్కియే, కోంపోత్ కూడా ఆవిడే చెప్పేసింది. మొత్తం 27 జ్లోతీలు.

ఇప్పుడు విను. గిన్నె ముందుకొచ్చింది. తెల్లగా చిక్కగా గంజిలా ఉంది, అందులో సగం కోడిగుడ్డు, రెండు సాసేజీ ముక్కలు. చెంచా ఎత్తానో లేదో వాసన కొట్టింది రా. పులుపు వాసన. ముక్కుకి తెలిసిన వాసన. ఒక్క గుక్క తాగా.

తరవాణి!

మా అమ్మమ్మ వంటింటి మూల, నిమ్మాకు వేసి ఉట్టి కింద పెట్టే కుండ. ఆ కుండ మూత ఎవరు తీశారో ఇన్నేళ్ళయినా నేను బయటపెట్టలేదు, గుర్తుంచుకో. అదే పులుపు రా, నాలిక పక్కల్ని గిల్లే పులుపు.

ఎదురుగా కూర్చున్న ముసలావిడకి నా మొహంలో ఏం కనిపించిందో, చెయ్యి పట్టుకుని సైగలతో చెప్పడం మొదలెట్టింది. గుప్పెడు పిండి పోసినట్టు, నీళ్ళు పోసినట్టు, మూత పెట్టినట్టు. తర్వాత అయిదు వేళ్ళు చూపించింది. అయిదు రోజులు! వాళ్ళది రై అనే ధాన్యం పిండి, మనది బియ్యం కడుగు, అంతే తేడా. అందులో వెల్లుల్లి దంచి వేస్తారు. ఇంకేదో ఉంది, తెలిసిందే గానీ అందడం లేదు. ఏ పచ్చడిలోనూ లేదు, ఏ పులుసులోనూ లేదు. మూడో చెంచాకి పట్టుకున్నా.

మరువం రా! మల్లెపూల మధ్య మరువం పెట్టి కట్టేది కదూ అమ్మమ్మ, అదే. వీళ్ళు దాన్ని ఎండబెట్టి సూపులో నలిపి వేస్తారు. ఆవిడ జడ, ఆవిడ కుండ, రెండూ ఒక్క గిన్నెలో... సరే, ఇంక ఇది రాయలేను.

పియెరోగీ అంటే మన కజ్జికాయల్లాంటివే, వేయించరు, ఉడకబెడతారు. లోపల ఆలుగడ్డ, తెల్లజున్ను. రుస్కియే అంటే రష్యావని కాదు, పూర్వం రుథేనియా అనే ప్రాంతముండేది, దాని పేరట. నువ్వొచ్చినప్పుడు "బెజ్ స్క్వారెక్" అనడం మరిచిపోకు, లేకపోతే పైన వేయించిన పందికొవ్వు ముక్కలు చల్లేస్తారు. జురెక్ నీకెలాగూ పనికిరాదు. కోంపోత్ మాత్రం పళ్ళు ఉడికించిన తియ్యనీళ్ళు, హాయిగా తాగచ్చు.

ఆ ముసలావిడ తిన్నాక పళ్ళెం తనే తీసుకెళ్ళి కిటికీలో పెట్టి, తిరిగొచ్చి నా గిన్నెలోకి తొంగిచూసి, ఖాళీ అయిందని

బస్సొచ్చింది రా, సామాను పెట్టమంటున్నాడు. అమ్మమ్మ ఇంటి తాళం మీ దగ్గరే ఉందిగా, అటక మీద ఆ కుండ ఇంకా ఉందేమో ఒకసారి చూసి చెప్పు.

నీ
పొట్టోడు